ఏటికి నంబర్లు వేసిన సారు

పోయినాయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. రెండు రోజులు వెదికితే ఒక్కటి దొరికింది. అది కూడా ఆయన పోయిన పదో దినాన జరిగింది కాబట్టి చివర్లోనే చెప్పాల్సి వస్తుంది.

ఊరంతా ఆయన్ను సారు అనేది. మా ఇంటాయనకు పెదనాయన కొడుకు, నాకు బావ వరస. బంగారుపాళ్యం పక్క ఒక పల్లెలో చాన్నాళ్ళు బడిపంతులుగా చేసి, రిటైరై, ఒక గొడుగు, ఒక జత గుడ్డబూట్లు, అట్ట ఊడిన భూగోళం పుస్తకం పట్టుకుని మా ఊరికి తిరిగొచ్చినాడు. మా ఊరు ఏర్పేడుకు పడమర, కొండల కింద. కొండలో పుట్టిన ఏరొకటి ఊరి పక్కగా దిగి, ఎక్కడో దూరాన స్వర్ణముఖిలో కలుస్తుంది. సగం ఏడాది ఇసుక, వానలు పడినన్నాళ్ళు నీళ్ళు. ఇన్నాళ్ళూ ఆ ఏరు చదువుకున్నవాడు లేక అలమటించిపోయిందనీ, తాను వచ్చినాక దానికి మంచి రోజులొచ్చినాయనీ సారు నమ్మకం.

నేను బడి ముఖం చూడలేదు. మా నాయన పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించినాడు. చదవడం వచ్చినాక గోవిందనామాలు, తర్వాత పంచాంగం, అవి అయిపోతే అంగడి నుంచి వచ్చిన పొట్లం కాగితాలు. ఆ భాగ్యం ఇచ్చినందుకు మా నాయనకు ఇప్పటికీ పొద్దున దీపం ముందు ఒక దండం పెట్టుకుంటాను. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి సారు నన్ను పేరుతో పిలవడం మానేసినాడు. "ఏమ్మా ఇంటిచదువూ, మజ్జిగుండాదా?" అని వాకిట్లో నిలబడేవాడు. తాగి, బాగుందని ఒక్కనాడూ అనలేదు. పాలు ఎందుకు పులుస్తాయో చెప్పి, ఖాళీ లోటా నా చేతికిచ్చి పోయేవాడు.

ఆయన అసలు పాండిత్యం మాత్రం నీళ్ళలో. నీళ్ళ గురించి ఆయనకు తెలియనిది లేదు. ఆ నీళ్ళలో ఆయన కాలు పెట్టగా చూసినవాళ్ళూ లేరు. ఏరు దాటాల్సి వస్తే ఎవరో ఒక సేద్యగాడి భుజాల మీదెక్కి, గొడుగు విప్పుకుని దాటేవాడు. కింద మోసేవాడు మొలలోతు నీళ్ళలో కాలికి రాయి వెతుక్కుంటా ఉంటే, పైనుంచి ఈయన ఆ రాయి అక్కడికి ఎట్లా వచ్చిందో వివరించేవాడు. గుడ్డబూట్లు ఎప్పుడూ తెల్లగా ఉండేవి.

మేము బట్టలుతికే వేళ చూసి గట్టుకొచ్చేవాడు. పారిపోలేని శ్రోతలం మేమే కదా. అందరికన్నా ఎత్తయిన బండ ఎక్కి, గొడుగు మూసి, దాని మొనతో ఏటిని చూపించి, నీళ్ళు ఎందుకు ఉరుకుతాయో చెప్పండి అని అడిగేవాడు. మొదటిసారి అడిగినప్పుడు, ఉతికేవాళ్ళలో మా అందరికన్నా పెద్దదైన మునెమ్మ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"పల్లముంటే ఉరుకుతాయి సారూ. మెట్టమింద కూసోని పుస్తకం సదువుతాయా?"

ఉతికేవాళ్ళందరూ నవ్వినారు. సారు కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచినాడు. జవాబు లేనప్పుడు ఆయన చేసే పని అది. తుడిచి పెట్టుకున్నాక, "శాస్త్రం చెప్పేదేమంటే" అని మొదలుపెట్టేవాడు.

శాస్త్రం నాలుగు రకాలు చెప్పేది. ఏటికి అడ్డంగా గట్టి బండ పొర ఉంటుంది, దాని కింది వైపు మెత్తటి రాయి ఏళ్ళ తరబడి అరిగి కొట్టుకుపోతుంది, గట్టిది మెట్టులాగా మిగులుతుంది, నీళ్ళు ఆ మెట్టు మీంచి దూకి ఉరుకుతాయి. అది ఒకటో రకం. పక్క వంక ఒకటి వానకు పొంగి కొండ మీది గుండ్లను దొర్లించుకొచ్చి ఏటి నోట్లో పోస్తుంది, దారి ఇరుకై నీళ్ళు గుండ్ల సందుల్లో తన్నుకుంటాయి. అది రెండోది. రెండు బండల నడుమ గొంతులాంటి చోట వెడల్పు తగ్గి, పారే నీళ్ళు అలలై నిలబడతాయి. మూడోది. ఇక ఏరు ఒక్కసారిగా వెడల్పై, మోకాటి లోతున, తలకాయంత రాళ్ళ మీద గలగలమంటా జారే చోటు నాలుగోది. దీన్ని మాత్రం ఆయన రకాల్లో కలిపేదానికే ఇష్టపడేవాడు కాదు. "చిల్లర ఉరుకు," అని మూతి తిప్పేవాడు.

ఇదంతా నిజమే. తర్వాత నా కూతురి బడిపుస్తకంలో చూసినాను, సారు తప్పు చెప్పలేదు. ఆయన మాటలు ఒప్పు, ఆయనే తప్పు. అట్లాంటి మనుషులుంటారు.

చెప్పడంతో ఆగలేదు. ఒక ముంతలో సున్నం, ఒక ఈతబరిక కుంచె తెచ్చి, ఒక్కో ఉరుకు దగ్గర పెద్ద గుండు మీద నంబరు వేయించినాడు. తాను గట్టున నిలబడి, ఇంకొకరిని నీళ్ళలో నిలబెట్టి వేయించినాడు. ఆ ఏడు కార్తీకంలో పెద్ద వాన. వాన తగ్గి చూస్తే రెండో నంబరు గుండు దొర్లుకుంటా పోయి మూడో నంబరు దగ్గర కూర్చోనుంది. నీళ్ళు గుండ్లను తెచ్చి పోస్తాయని చెప్పింది ఆయనే. అట్లాంటిది ఆయన ఆ గుండు ముందు నిలబడి, క్లాసులో చోటు మారిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసి, "ఇది ఇక్కడికి రాకూడదే," అన్నాడు. తర్వాత దాని మీది రెండు చెరిపించి మూడు వేయించినాడు. పైన కొత్త గుండుకు రెండు. ప్రతి వానకూ ఇదే పని. ఏరు తన దారిన తాను పోయేది, వెనకే సున్నం ముంత పోయేది.

ఆ చిల్లర ఉరుకే మా రేవు. ఏటి అవతల గుట్ట మీద స్వామి పాదాలున్నాయి. దసరా ముందు వచ్చే పెరటాసి నెలలో, శనివారానికి కొన్ని ఇండ్లుగా ఊరు ఊరంతా తలిగ తీసుకుని అక్కడికి పోతాం. స్వామికి మడిగా వండుకుపోయి, పాదాల ముందు ఆకు వేసి వడ్డించి, బియ్యప్పిండి దీపం పెట్టేదే తలిగ. వానలు మొదలయ్యే నెల కాబట్టి ఏట్లో నీళ్ళు ఎట్లా ఉన్నా ఉంటాయి. దాటించేది మునెమ్మ. కోడలిగా వచ్చిన నాటి నుంచి అది ఆమె పని, ఎవరూ అప్పజెప్పలేదు. చేతిలో కర్ర, వెనక వరుసగా మేము. చెయ్యి పట్టుకోవద్దు, మణికట్టు పట్టుకోండి అనేది. చేతులైతే జారిపోతాయి. ముఖం నీళ్ళొచ్చే వైపు పెట్టమనేది, అడుగు ఎత్తకుండా రాసుకుంటా వేయమనేది. చప్పుడు చేసే నీళ్ళలో కాలికి రాయి తగులుతుందని ఆమె ధైర్యం. అన్ని పెరటాసుల్లో ఒక్క బిడ్డ కూడా ఆమె వరుస నుంచి జారిపోలేదు. ఆ తల్లికి నేను ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

సారుకు ఇది నచ్చలేదు. స్వామికి తీసుకుపోయే తలిగ మీద ఏటి నీళ్ళు చిందడమేంది, ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా తడవడమేంది అని పంచాయితీలో లేచి మాట్లాడినాడు. రేవుకు కొంచెం పైన అడ్డంగా నడుమెత్తు గోడ కట్టి, పైన సిమెంటు పూస్తే, నీళ్ళు దాని మీంచి అద్దంలాగా జారిపోతాయి, మనుషులు గోడ మీద నడిచి అరికాళ్ళు మాత్రమే తడిసి అవతలికి పోవచ్చు. ఉరుకే ఉండదు. స్వామి పేరు చెప్పినాక మా ఊళ్ళో ఎవరూ కాదనరు. పేరు చెప్పింది ఎవరనేది చూసుకోము. అది మా తప్పు, నాదీ అందులో ఉంది. నేనూ రెండు తట్టలు మోసినాను.

మోసింది ఏమి రాళ్ళనుకున్నారు? దగ్గరగా ఉన్నాయని రేవులోని రాళ్ళే. మునెమ్మ గట్టున నిలబడి, "నడిసే రాళ్ళు పెరికి గోడ కడతారా నాయనా," అని ఒకటే మాట అనింది. సారు ఆమెకు ఘర్షణ గురించి చెప్పినాడు.

గోడ లేచింది. చూసేదానికి చక్కగానే ఉండేది. ఆ ఏడు పెరటాసి రెండు శనివారాలు నీళ్ళు వేలిలోతున జారినాయి, అందరూ గోడ మీద నడిచి పోయినారు. సారు ఒడ్డున నిలబడి ఒక్కొక్కరి కాళ్ళూ చూసి, "తడిసిందా? తడిసిందా?" అని అడిగి మరీ పంపినాడు.

మూడో శనివారం మాది. అంతకుముందు ఏడు నా కూతురికి విషజ్వరమొచ్చి పద్దెనిమిది దినాలు కళ్ళు తెరవలేదు. బతికితే తన చేత్తో తానే తలిగ మోసుకొచ్చి నీ పాదాల ముందు పెడుతుందని మొక్కినాను. స్వామి ఇచ్చినాడు. ఎనిమిదేళ్ళది, కొత్త పావడా, చేతుల్లో మూతపెట్టిన ఇత్తడి గిన్నె. మా ఇంటాయన కట్టెలు, నీళ్ళ బిందె తీసుకుని ముందే గుట్టెక్కేసినాడు. ఆయన పోయినప్పుడు ఏరు మామూలుగానే ఉంది. మేము గట్టుకొచ్చేటప్పటికి కొండలో యాడనో వాన కురిసిన నీళ్ళు దిగినాయి. ఎర్రగా, గోడ మీద జానెడు పైనే. కానీ ఎంత నున్నగా పోతున్నాయంటే, కాగిన నెయ్యి వంచినట్టు. గోడ దిగువన ఒక తెల్లటి నురగ గీత, అంతే. చప్పుడు కూడా పెద్దగా లేదు. పక్కన రేవు మాత్రం రంకెలేస్తా ఉంది.

దాటే ముందు గంగమ్మకు తమలపాకు మీద కర్పూరం వెలిగించి వదలడం మా ఇంటి ఆచారం. గోడకు ఎగువన వదిలినాను. ఆకు గోడ మీంచి జారింది, నురగలో పడింది, కర్పూరం ఆరిపోయింది. దిగువకు పోతుందని చూస్తా ఉన్నాను. పోలేదు. వెనక్కి వచ్చింది. గోడ దగ్గరికొచ్చి కిందికి మునిగి, కొంచెం అవతల తేలి, మళ్ళీ గోడ దగ్గరికి వచ్చింది. అప్పుడు చూసినాను, అది ఒంటరిగా లేదు. ఒక కొబ్బరిచిప్ప, ఎవరిదో పాత చెప్పు, ఒక ఎండుకొమ్మ, అన్నీ అక్కడే తిరుగుతా ఉన్నాయి. ఎప్పుడు పడినాయో ఏమో.

తేలేది ఎటు పోతే నీళ్ళు అటు పోతున్నట్టు అని ఆ బండ మీద నిలబడి మాకు వందసార్లు చెప్పింది సారే. కాబట్టి ఆయనకే చెప్పినాను. బావా, ఇక్కడ నీళ్ళు వెనక్కి వస్తున్నాయి, బిడ్డను పంపను, అని.

"నీళ్ళు ఎనక్కి పోతాయా? ఏ పుస్తకంలో ఉండాది? మీ నాయన బియ్యంలో రాసి చూపించినాడా?"

వెనకున్న ఇరవైమంది నవ్వినారు. నాకు ఏడుపొచ్చింది. నన్ను అంటే అననీ, పోయిన మా నాయనను అన్నాడు. మునెమ్మ మాత్రం నవ్వలేదు. వంగి ఆ ఆకునే చూస్తా ఉంది. "సుడి గాదు సారూ ఇది. సుడైతే తిప్పి వదిలేస్తాది. ఇది వదల్లేదు సూడు," అనింది. సారు వినలేదు. మొక్కు తప్పుతావా, అవతల మీ ఆయన ఎదురు చూస్తా ఉంటాడు, ఊరంతా నీ వెనక ఆగిపోయింది అని ఒకదాని వెనక ఒకటి అంటా ఉన్నాడు. మొక్కు అనే మాట దగ్గర నేను ఆగిపోయినాను, అబద్ధమెందుకు. ఇచ్చిన బిడ్డను ఇచ్చినాయన మొక్కు కోసమే ఏట్లో దింపాలా అని ఒక నిమిషం నిజంగానే తెలియలేదు. కానీ చెయ్యి వదల్లేదు. నా కూతురి మణికట్టు పట్టుకునే ఉన్నాను, మునెమ్మ నేర్పినట్టు.

సారు నా బిడ్డ చేతుల్లోంచి గిన్నె లాక్కున్నాడు. అందరూ చూడండి అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ తెల్లటి బూట్లతో నీళ్ళలో దిగినాడు. ఒక చేతిలో తలిగ, ఒక చేతిలో గొడుగు. మూడడుగులు వేసినాడు. రెండు నెల్ల సిమెంటుకు అప్పుడే పాచి పట్టింది.

పడింది పెద్ద లోతేమీ కాదు. నిలబడితే రొమ్ముల దాకా ఉండేదేమో. కానీ ఆ నీళ్ళు నిలబడనియ్యలేదు. తల తేలేది, గోడ వైపు జారేది, పైనుంచి పడే నీళ్ళు నెత్తిన కొట్టి ముంచేవి, మళ్ళీ తేలేది. ఆకు ఎట్లా తిరిగిందో అట్లనే. పక్కనే గొడుగు, దాని పక్కన నా ఇత్తడి గిన్నె. మునెమ్మ కొడుకు దూకబోతే ఆమె కర్రతో ఒకటేసి ఆపింది. ఇద్దరు పోతారని. తువ్వాళ్ళు నాలుగు ముడివేసి, గట్టు మీంచి పక్కగా విసిరి, ఆయన పట్టుకున్నాక గోడ వెంబడే ఒడ్డుకు లాగినారు. తడిసిన గోతాంలాగా వచ్చి పడినాడు. ఒక బూటు లేదు. కక్కుకున్నాడు, దగ్గినాడు. మా అందరి ముఖాలు చూసినాడు. కళ్ళద్దాలు తుడుచుకుందామని చెయ్యి పోయింది, అవి కూడా లేవు. అప్పుడు నోరు తెరిచి మొదటి మాట అన్నాడు.

"ఇది ఐదో రకం."

నా బిడ్డను చూసి ఒక్క మాట లేదు. లాగినవాళ్ళకు ఒక దండం లేదు. ఐదో రకం.

మునెమ్మ మమ్మల్ని రేవులోంచే దాటించింది. నడిచే రాళ్ళు సగం లేవు కాబట్టి ఒక్కో అడుగూ కర్రతో వెతికి, మామూలు కన్నా రెండింతల సేపు పట్టింది. పాదాల దగ్గర నా కూతురి చేతుల్లో పెట్టేదానికి ఏమీ లేదు. పక్కింటామె తన తలిగలోంచి ఒక పిండి దీపం తీసిచ్చింది. స్వామి దాన్నే తీసుకున్నాడు. కొండంత ఆలయాల్లో నైవేద్యాలు చూసే దేవుడికి ఆ ఒక్క దీపం కనపడిందని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. నా ఇత్తడి గిన్నె రెండు రోజులు అక్కడే తిరిగి, నీళ్ళు తగ్గినాక దొరికింది. అంతా సొట్టలే.

దాని తర్వాత ఎవరూ గోడ ఎక్కలేదు. కానీ పగలగొట్టనూ లేదు. సారు ఒప్పుకోలేదు. వారం తిరక్కముందే సున్నం ముంతతో వచ్చి, ఒడ్డున గోడ మొదటి రాయి మీద ఐదు వేయించినాడు. మెట్టు మీంచి పడిన నీళ్ళు అడుగున పోయి, పైపొర వెనక్కి మళ్ళుతుందనీ, చూసేదానికి నిమ్మళంగా ఉన్నా మనిషిని వదలదనీ, దీన్ని తాను స్వయంగా దిగి కనుక్కున్నాననీ చెప్పుకునేవాడు. ఏర్పేడు బడి నుంచి పిల్లలను పిలిపించి చూపించినాడు. ఆకు వదిలి చూపించేవాడు కూడా. ఆకు ఎవరిదని ఏ పిల్లవాడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన చెప్పే కథలో ఒక తెలివిలేని ఆడమనిషి బిడ్డను పంపబోతుంది, ఆయన అడ్డుపడతాడు. ఆ కథ నేను మజ్జిగ ఇస్తా విన్నాను. ఒకసారి కాదు. మజ్జిగ మాత్రం మానలేదు. ఇంటికి దప్పికతో వచ్చినవాళ్ళకు లేదనకూడదని మా నాయన చెప్పినాడు, అది కూడా ఇంటి చదువే.

మేము తిరుపతికి వచ్చేసిన నాలుగేళ్ళకు ఆయన పోయిన కబురొచ్చింది. పదో దినానికి పోయినాను. చిత్తూరులో ఉద్యోగం చేసే కొడుకు, నాయన ప్రాణంగా చూసుకున్న చోటు కదా అని, దినం ఆ గోడ దగ్గరే పెట్టించినాడు. ఏట్లో మోస్తరు నీళ్ళు. అయ్యవారు మంత్రం చెప్పి పిండం విస్తట్లో పెట్టి వదలమన్నాడు. కొడుకు వదిలినాడు. విస్తరి గోడ మీంచి జారింది, నురగలో పడింది, వెనక్కి వచ్చింది.

అందరం చూస్తా నిలబడినాము. పిండం కరిగిపోయింది, విస్తరి మాత్రం తిరుగుతానే ఉంది. గోడ దాకా వచ్చి, మునిగి, తేలి, మళ్ళీ. విస్తరి వెళ్ళిపోతేగానీ వెనుదిరిగి పోకూడదని అయ్యవారు పట్టుపట్టినాడు. కాసేపు చూసి కొడుకు పంచె ఎగ్గట్టి, చేత్తో తోసొస్తానని నీళ్ళలోకి అడుగు పెట్టబోయినాడు.

అప్పుడు నోరు తెరిచినాను. అంతమంది మగవాళ్ళ ముందు నేను మాట్లాడింది ఆ రోజే.

"దిగొద్దు నాయనా. మీ నాయన దిగిన చోటు అది."

ఆ అబ్బాయి ఆగినాడు. "ఐదో రకం గదా పిన్నమ్మా," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. నంబరు తెలుసు, దిగకూడదని తెలియదు. అదీ సారు చదువు.

మునెమ్మకు అప్పటికి నడుము వంగిపోయింది. తన కొడుకుతో ఏదో చెప్పింది. అతను పోయి గడ్డపార తెచ్చి, ఒడ్డు మీద నిలబడే గోడ మొదటి రాయి కింద గుచ్చినాడు. సిమెంటు పెచ్చు లేచింది. ఒక రాయి, రెండు, నాలుగు. నీళ్ళు ఆ సందులోకి తిరిగి ఒక్కసారి చప్పుడు చేసినాయి. ఎన్నేళ్ళకో విన్నాను ఆ చప్పుడు. విస్తరి ఇంకొక్క చుట్టు తిరిగి, సందు ముందుకొచ్చి, నీళ్ళతో పాటు దిగువకు పోయింది. సారు కొడుకు వెనక్కి తిరిగి చూడకుండా ఊళ్ళోకి నడిచినాడు. మిగిలినవాళ్ళు మాత్రం కదల్లేదు. గడ్డపార చేతులు మారింది. పొద్దు వాలేటప్పటికి గోడ సగం లేదు, రాళ్ళన్నీ ఒక్కొక్కటే రేవులోకి చేరినాయి.

నేను చెప్తానన్న మంచి మాట ఇదే. ఆయన కట్టిన గోడ ఆయన దినానికే పోయింది.

ఈ పెరటాసికి కూతుర్ని తీసుకుని పోయినాను. పెళ్ళీడు పిల్ల, ఆ సొట్టల గిన్నెలోనే తలిగ మోసింది. రేవులో ఒడ్డు పక్క మొదటి రాయి మీద సున్నపు గీత ఇంకా కొంచెం ఉంది, ఐదు అని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. దాని మీద కాలు పెట్టినాను. గట్టిగా ఉంది, కదల్లేదు. బిడ్డ మణికట్టు పట్టుకుని రెండో రాయి మీదికి పోయినాను.